పచ్చి పులుసు ఒలకని కంచం

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది నల్లగొండ. కొత్త ఇల్లు కట్టుకున్నాం, శ్రావణంలో గృహప్రవేశం. ఇంట్లో ఆరుగురం: అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం, పదో తరగతి చదివే బిడ్డ, రెండో తరగతి చదివే కొడుకు. ఈసారి భోజనాల బల్ల కూడా చేయించాం. పాత స్టీలు తలెలు పక్కన పెట్టి కొత్త డిన్నర్ సెట్టు కొందామనుకుంటున్నాం. బిడ్డేమో ఫోన్‌లో చూసి, మెరుపు లేని నల్లటి కంచాలే కావాలని పట్టుబట్టింది. మా ఆయన బంగారు అంచున్న ముప్పై అయిదు పీసుల తెల్ల సెట్టు ఒక్కటి తెస్తే అయిపోతుందంటున్నాడు. అత్తమ్మకు తన కంచు తలెలో తింటేనే తిన్నట్టు ఉంటుంది. శనివారం నీసు ముట్టదు, నీసు తిన్న కంచంలో అసలే తినదు. బోళ్లు తోమడానికి ఒకామె వస్తుంది, తోమేది బోరు నీళ్లతో. ఏ రంగు తీసుకోవాలి? సరుకు మంచిదని ఎట్లా గుర్తుపట్టాలి?
ఒక చెల్లెలు, నల్లగొండ

సమాధానం:

చెల్లె,

నీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట చివర్లో రాశావు, బోళ్లు తోమేది బోరు నీళ్లతో అని. నేను అక్కణ్నుంచే మొదలుపెడతాను. దుకాణంలో కంచం పొడిగా, ఖాళీగా, లైట్ల కింద ఉంటుంది. ఇంటికొచ్చాక అదే కంచం రోజుకు రెండు మూడుసార్లు పప్పుతో నిండాలి, సబ్బుతో రుద్దించుకోవాలి, ఉప్పు నీళ్లలో తడిసి ఆరాలి. రంగైనా నాణ్యతైనా ఇంట్లో అది పడే పాటును చూసి ఎంచుకోవాలి. మీరు ఏం వండుతారు, ఎవరు తింటారు, ఎవరు తోముతారు అన్నది ముందు పెట్టుకుంటే సగం బేరం కుదిరినట్టే.

నల్ల కంచాల సంగతి నాకు అనుభవమే. ఆరేళ్ల కింద సరిగ్గా నీ బిడ్డ అడుగుతున్నలాంటివే ఎనిమిది కొన్నాను. సద్దుల బతుకమ్మ నాడు మొదటిసారి బయటికి తీశాను. బతుకమ్మను చెరువులో వేసొచ్చి అందరం కూర్చున్నాం. పెరుగు సద్ది, కొబ్బరి సద్ది ఆ నలుపు మీద మల్లెపూలు పోసినట్టు కనిపించాయి. చింతపండు పులిహోర కూడా నిండుగా కనబడింది. నాకు చాలా సంతోషమైంది. మర్నాడు మధ్యాహ్నం అదే కంచాల్లో పుంటికూర పప్పు, వంకాయ కూర వడ్డించాను. ముదురాకుపచ్చ, గోధుమరంగు రెండూ ఆ నలుపులో కలిసిపోయి, ఏది కూరో ఏది పప్పో తెలియకుండా పోయింది. మా అత్తమ్మ చూపు అప్పటికే మందగించింది. కంచంలో తొక్కు ఎక్కడుందో వేలితో తడుముకోవడం చూసి నాకు మనసు కలుక్కుమంది.

తోమి ఆరబెట్టాక ఇంకో సంగతి బయటపడింది. ఒక్కో కంచం మీద నీటి చుక్క ఆరిన చోటల్లా తెల్లటి వలయం. తుడిస్తే కొంచెం పోయి మళ్లీ తేలేది. నల్లగొండ నీళ్లనగానే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది గానీ, బోళ్ల మీద తెల్ల మరక వేసేది ముఖ్యంగా నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం లవణాలు. నీళ్లు ఆవిరైపోతాయి, సున్నం మిగులుతుంది. స్టీలు మీదా అదే పడుతుంది, తెల్ల కంచం మీదా అదే పడుతుంది. కానీ ముదురు రంగు మీద, అందులోనూ మెరుపు లేని దాని మీద, అది ముగ్గు పెట్టినట్టు కనబడుతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు తాగడానికి పట్టుకుని బోరు నీళ్లతో బోళ్లు తోముకునే ఇళ్లు మన వైపు చాలా ఉన్నాయి కాబట్టి ఈ మాట ఇంత గట్టిగా చెబుతున్నాను.

మూడు నాలుగు నెలలకు ఆ కంచాల మీద వెండి గీతల్లాంటివి కూడా మొదలయ్యాయి. గీతలు పడ్డాయనుకుని బాధపడ్డాను. నిజానికి అవి గీతలు కావు. మెరుపు లేని పూత పైకి నున్నగా కనిపించినా సన్నటి గరుకు ఉంటుంది. స్టీలు గంటె, చెంచా దానికి తగిలినప్పుడు ఆ లోహమే కొంచెం అరిగి కంచానికి అంటుకుంటుంది. వంటసోడా తడిపి మెత్తటి గుడ్డతో రుద్దితే చాలావరకు పోతాయి. కానీ వారం వారం ఆ పని ఎవరు చేస్తారు?

అందుకే రోజూ తినే కంచాలకు నలుపు వద్దు. బిడ్డ ముచ్చట తీరే దారి వేరే ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను.

ఇప్పుడు రంగు. మన కంచంలో ఏముంటుందో ఒకసారి కళ్ల ముందు పెట్టుకో. తెల్లటి అన్నం, పసుప్పచ్చ పప్పు, ముదురాకుపచ్చ పుంటికూర, ఎర్రటి తొక్కు, పక్కన పచ్చి పులుసు, చివర్లో తెల్లటి పెరుగు. ఒక్క పూటకే ఇన్ని రంగులు. ఇంత రంగు మన తిండిలోనే ఉన్నప్పుడు కంచం ఊరుకోవాలి. పువ్వులూ తీగలూ నిండిన కంచంలో పోపు ఏదో డిజైను ఏదో తెలియదు. మన పెద్దలు తిన్నవి చూడు: మోదుగాకు విస్తరి, అరటాకు, కంచు తలె. మోదుగాకు విస్తరి ఆరితే మట్టిరంగు కలిసిన మందమైన ఆకుపచ్చ. కంచు మందమైన బంగారు రంగు. ఏదీ కళ్లలో గుచ్చుకోదు. ఆకు మీద తెల్లన్నం తెల్లగా, ఎర్ర తొక్కు ఇంకా ఎర్రగా కనిపిస్తుంది. దావత్‌లో విస్తరి ముందు కూర్చుంటే ఆకలి ఎక్కువయ్యేది ఊరికే కాదు.

కాబట్టి నా ఓటు మీగడ రంగుకు. పాల మీద కట్టిన మీగడలా, కొంచెం వెచ్చదనం ఉన్న తెలుపు. మెరుపు ఉన్నదే తీసుకో. పాలిపోయిన నీలపు తెలుపు వద్దు, ట్యూబ్‌లైటు కింద అందులో అన్నం పాతబడినట్టు కనబడుతుంది. రెండూ తెలుపే అనుకుని చాలామంది ఇక్కడే మోసపోతారు. దుకాణంలో రెండు కంచాలు పక్కపక్కన పెట్టి, గుమ్మం దగ్గరికి, పగటి వెలుతురులోకి తీసుకెళ్లి చూడు. లోపల పసుపు బల్బుల కింద నీలపు తెలుపు కూడా మీగడలాగే ఉంటుంది. సాయంత్రం దీపాలు పెట్టాక కొనొద్దనేది అందుకే. మీగడ రంగు తర్వాత నాకు నచ్చేది మందమైన ఆకుపచ్చ, ఎండిన ఆకు రంగు. అది కూడా మన తిండికి బాగా ఒప్పుతుంది. కానీ రేపు రెండు పగిలితే అదే ఆకుపచ్చ మళ్లీ దొరకడం కష్టం. రంగు కంచాలు ఒక్కో లాట్‌కు ఒక్కో ఛాయ వస్తాయి. మీగడ తెలుపుకు జోడీ వెతుక్కోవడం అంతకంటే తేలిక.

మరీ సాదాగా ఉంటే బోసిగా ఉంటుందని అనిపిస్తే గద్వాల చీరను తలుచుకో. ఒళ్లంతా నూలు, సాదాగా. అంచు మాత్రం పట్టు, నిండు రంగు. కంచం కూడా అట్లాగే ఉండాలి. అన్నం పెట్టే నడిమి భాగం సాదాగా ఉండి, అంచున ఒక్క గీత రంగు ఉంటే చాలు. ఇందులోనే మీ అత్తమ్మ శనివారం సమస్యకు దారి ఉంది. రోజువారీ కంచాలు పూర్తి సాదావి తీసుకో. నీసు తగలని కంచాలు నాలుగో అయిదో, అంచుకు ఆకుపచ్చ గీత ఉన్నవి విడిగా తీసుకో. తోమే ఆమెకూ పిల్లలకూ మాటలతో చెప్పాల్సిన పని ఉండదు, గీత చూసి తెలుసుకుంటారు. మా పెద్దాడబిడ్డ ఇంట్లో ఎన్నో ఏళ్లుగా ఇదే పద్ధతి, ఒక్కసారి కూడా కలిసిపోలేదు.

ఆ గీత పూత లోపల ఉందో పైన ఉందో చూసుకో. వేలి కొనతో మెల్లగా తడిమి చూడు. గీత ఉన్న చోట ఎత్తుగా, వేరుగా తగిలితే పూత మీద వేసిన రంగు. అది నాలుగు రోజుల్లో పీచుకు పోతుంది. కంచమంతా ఒకే నునుపుగా తగిలితే రంగు పూత కింద ఉన్నట్టు, దానికి తోముడు భయం లేదు. ఇది అందం సంగతి మాత్రమే కాదు. అన్నం తగిలే చోట రక్తపు ఎరుపు, నారింజ, నిండు పసుపు పూతలున్న చవక కంచాలు తీసుకోవద్దు. ఆ రంగులకు కాడ్మియం వాడే అలవాటు పాతది, తక్కువ వేడిలో కాల్చే పూతల్లో సీసం కలపడమూ పాతదే. మన వంటంతా చింతపండు, నిమ్మకాయ, మామిడికాయ. ఆ పులుపు నాసి పూతలోంచి ఆ విష లోహాలను బయటికి లాగుతుంది. మంచి తయారీదార్లు సీసం, కాడ్మియం లేవని డబ్బా మీద రాస్తారు, అది చూసే తీసుకో. తిరునాళ్లలో నచ్చి కొన్న రంగురంగుల పళ్లెం ఉంటే గోడకు వేలాడదీసుకో, అన్నం మాత్రం పెట్టొద్దు.

సరుకు దగ్గరికి వద్దాం. మార్కెట్లో అన్నిటినీ కలిపి పింగాణి అనే అంటారు గానీ అవి వేర్వేరు. నీ బిడ్డ చూసింది స్టోన్‌వేర్ అయి ఉంటుంది. మట్టిని దాదాపు 1200 డిగ్రీలు, ఆపైన కాల్చి చేస్తారు. నిజమైన పింగాణి, అంటే పోర్సెలిన్, ఇంకా ఎక్కువ వేడిలో కాలుతుంది, పలచగా గట్టిగా ఉంటుంది, వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే వెనక వేళ్ల నీడ తెలుస్తుంది. బోన్ చైనా అన్నదాంట్లో పశువుల ఎముకలు కాల్చిన బూడిద కలుస్తుంది, పేరులోనే ఉంది. మీ అత్తమ్మకు ఆ సంగతి తెలియకుండా ఆమె ముందు పెట్టడం నాకు న్యాయం అనిపించదు. చెప్పి, ఆమె సరేనంటేనే కొను. మెలమైన్ తేలిగ్గా ఉంటుంది, పగలదు, పిల్లలకు బాగుంటుందని అంటారు. అది ప్లాస్టిక్. పొగలు కక్కే పప్పుచారు అందులో పోయకూడదు, మైక్రోవేవ్‌లో పెట్టకూడదు, పసుపు మరక పట్టిందంటే వదలదు. వేడి వేడిగా తినే ఇంటికి అది పనికిరాదు.

మీ ఇంటికి నేను చెప్పేది ఓపల్. అది మట్టిదీ కాదు, పింగాణీ కాదు, పాలరంగు గాజు. దాన్ని బాగా వేడి చేసి గబుక్కున చల్లార్చి గట్టిపరుస్తారు. లా ఒపాలా, బోరోసిల్ వాళ్లవి మన ఊళ్లలోనే దొరుకుతాయి. కోరెల్ అని ఇంకొకటి ఉంది, 1970లో అమెరికాలో మొదలైంది, అందులో గాజు మూడు పొరలుగా అతికి ఉంటుంది, ఇంకా పలచన. నేను ఓపల్ అనడానికి పెద్ద కారణం బరువు. మా ఇంట్లో కాటా మీద పెట్టి చూశాను: ఆ నల్ల స్టోన్‌వేర్ కంచం ముప్పావు కిలో పైన తూగింది, అదే వెడల్పు ఓపల్ కంచం అర కిలో కూడా లేదు. ఆరు స్టోన్‌వేర్ కంచాలు ఒకదాని మీద ఒకటి పెట్టి అలమారలోంచి దించితే నాలుగున్నర కిలోలు. మీ అత్తమ్మ మణికట్టు, తోమే ఆమె మణికట్టు రెండూ తలుచుకో. ఓపల్‌కు మరకా పట్టదు, నీళ్లూ పీల్చుకోదు. అయితే ఒక్క జాగ్రత్త. అది తొందరగా పగలదు గానీ పగిలితే ముక్కలు చిన్నచిన్నవై గదంతా చిమ్ముతాయి. షాబాదు బండ మీద పడిందంటే చెప్పులేసుకుని మంచాల కింద కూడా ఊడ్చాలి, పిల్లవాణ్ని అటు రానివ్వొద్దు. ఫ్రిజ్‌లోంచి తీసిన కంచంలో మరుగుతున్న పులుసు పోయొద్దు, పొయ్యి మీద పెట్టొద్దు.

ఓపల్‌లో మీగడ ఛాయ అన్ని చోట్లా దొరకదు, ఎక్కువ తెలుపే వస్తుంది. నీలం కొట్టని తెలుపు చూసి తెచ్చుకో, సరిపోతుంది.

నీ ఆయన చెప్పే బంగారు అంచు మైక్రోవేవ్‌లో పెడితే చిటపటమని నిప్పురవ్వలు లేస్తాయి. ఆ అంచు లోహమే కాబట్టి. పైగా అది పూత మీద పూసింది, పీచు తగిలితే అరుగుతుంది. ముప్పై అయిదు పీసుల డబ్బా విప్పి లెక్కపెట్టు: పెద్ద కంచాలు ఆరే ఉంటాయి. మిగతాది చిన్న కంచాలు, గిన్నెలు, సూపు గిన్నెలు, సూపు చెంచాలు, ఉప్పు మిరియాల డబ్బీలు. మనం సూపు ఎన్నిసార్లు తాగుతాం? మీరే ఆరుగురు, ఒక్క చుట్టం వచ్చినా కంచం తక్కువ పడుతుంది. డబ్బా వద్దు, విడిగా కొనుక్కో. పెద్ద కంచాలు పన్నెండు, పప్పు, పులుసు, పెరుగుకు చిన్న గిన్నెలు ఇరవై నాలుగు, వడ్డించే గిన్నెలు నాలుగు. ఆకుపచ్చ గీత కంచాలు వీటికి అదనం. విడిగా ఇవ్వమంటే కొందరు మొహం ముడుస్తారు. ఫరవాలేదు, ప్రకాశం బజారులో కాకపోతే హైదరాబాద్ పోయినప్పుడు బేగంబజార్‌లో చూడు, ఇచ్చేవాళ్లు ఉంటారు.

ఇక కంచం ఆకారం. నాకు అన్నిటికంటే పట్టింపు దీని మీదే. బయటి దేశాల నమూనాతో వచ్చే కంచం నడిమి భాగం బల్లపరుపుగా ఉండి, చుట్టూ వెడల్పాటి అంచు నేలబారుగా పరుచుకుని ఉంటుంది. చెంచా ఫోర్కుతో పొడిగా తినే తిండికి అది చాలు. మనం చేత్తో కలుపుకునేవాళ్లం. అన్నం కుప్ప, నడుమ గుంట, అందులో పచ్చి పులుసు. అది నీళ్లంత పలచన. వేలితో కలపగానే గట్టు తెగి అంచు మీదుగా బల్ల మీదికి, అక్కణ్నుంచి ఒళ్లోకి. మన కంచానికి అంచు నిలువుగా లేవాలి, కనీసం వేలి కణుపంత. వెడల్పు పదకొండు అంగుళాలు. అంతకంటే తక్కువైతే చెయ్యి ఆడదు, అన్నం మెతుకులు బయట పడతాయి. దుకాణంలో సిగ్గుపడకు. నీ సీసాలోంచి ఒక గిలాసెడు నీళ్లు కంచంలో పోసి రెండు చేతులతో పట్టుకుని నాలుగడుగులు నడువు. ఒలికితే అక్కడే వదిలెయ్.

అదే చేత్తో కంచాన్ని బోర్లించి అడుగు చూడు. కింద నిలబడే చుట్టును అరచేతికి రుద్ది చూడు. గరుకుగా తగిలితే, ఒకదాని మీద ఒకటి పేర్చినప్పుడు పై కంచం అడుగు కింది కంచం మొహాన్ని గీకుతుంది. స్టోన్‌వేర్ అయితే ఆ పూతలేని చోట ఒక నీటి బొట్టు వెయ్. బొట్టు నిలబడితే బాగా కాలిన సరుకు, ఇంకిపోతే సరిగా కాలలేదు. ఇంకిన నీళ్లు లోపల ఉండి తర్వాత పూత చిట్లుతుంది. కంచాన్ని గాజు కౌంటరు మీద పెట్టి అంచును వేలితో నొక్కితే ఊగకూడదు. గోరుతో మీటితే మట్టి పింగాణి సరుకు ఖంగుమనాలి. డబడబమంటే ఎక్కడో పగులుంది. పూత మీద సూది మొన గుంటలు, వెంట్రుకవాసి చీలికలు ఉన్నాయేమో ఏటవాలుగా వెలుతురుకు పట్టి చూడు. పసుపు దూరి కూర్చునేది ఆ చీలికల్లోనే. ఒక చిట్కా కూడా చెబుతాను. పసుపు మరక పడ్డ గిన్నెను కడిగి ఎండలో పెట్టు, పసుపు రంగు ఎండకు వెలిసిపోతుంది.

ఇంటి నుంచి బయల్దేరే ముందు మీ కంచాల స్టాండు చూసుకో. మన స్టీలు స్టాండ్లలో సందులు స్టీలు తలె మందానికి చేసినవి. ఓపల్ కొన్నిట్లో దూరుతుంది, స్టోన్‌వేర్ దూరదు. కొత్త వంటింటి అలమారలో అర లోతు కూడా కొలిచి పెట్టుకో.

పాత స్టీలు తలెలు పక్కన పెడతానన్నావు. పక్కన పెట్టకు. చిన్నోడికి ఇంకో రెండేళ్లు స్టీలే మంచిది. ఏవైనా కొత్తవి కొనాల్సి వస్తే 304 అని కొట్టి ఉన్నది అడుగు. 18/8 అన్నా అదే, అంటే నూటికి 18 పాళ్లు క్రోమియం, 8 పాళ్లు నికెల్. అయస్కాంతం పట్టకపోతే మంచి స్టీలని చెప్పి అమ్ముతారు. ఆ మాట సగమే నిజం. నికెల్ తగ్గించి మాంగనీసు పెంచిన 202 రకానికి కూడా అయస్కాంతం పట్టదు. కాబట్టి ముద్ర చూడు, మందం చూడు. గేజి నంబరు తగ్గేకొద్దీ రేకు మందం పెరుగుతుంది. స్టీలు పాత్రలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ 2024లో కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది, ఆ గుర్తున్నదే అడిగి తీసుకో.

అత్తమ్మ కంచు తలె జోలికి పోవద్దు. ఆమె ఎన్నేళ్ల నుంచి అందులో తింటోందో. కంచు అంటే రాగి, తగరం కలిపింది. మీటితే చాలాసేపు మోగుతుంది. ఇత్తడి రాగి, జింకు కలిసింది, ఇంకా పసుప్పచ్చగా ఉంటుంది. రెండూ ఒకటే అని అమ్మేవాళ్లున్నారు కాబట్టి చెబుతున్నాను. కళాయి లేని ఇత్తడిలో పులుపు ముట్టించకూడదు. కంచులో కూడా పచ్చి పులుసు, పెరుగు ఎక్కువసేపు ఉంచొద్దు. అన్నం, పప్పు తలెలో వడ్డించి, పులుసూ పెరుగూ పక్కన స్టీలు గిన్నెల్లో పెట్టు. కొత్త బల్ల మీద ఆమె ఒక్కదాని తలె వేరుగా ఉంటుందని మీ ఇంట్లో ఎవరికైనా అనిపిస్తే, మీగడ తెల్ల కంచాల నడుమ ఆ కంచు రంగు ఎంత బాగుంటుందో ఒకసారి వరసగా పెట్టి చూడమను.

బిడ్డ సంగతి. నల్ల కంచాలు వద్దన్నాను గానీ నల్ల గిన్నెలు వద్దనలేదు. వడ్డించే గిన్నెలు రెండు, నలుపో, నిండు నీలమో, ఆమెకు నచ్చిన స్టోన్‌వేర్‌వే కొనిపెట్టు. ఒకటి పెరుగుకు, ఒకటి తెల్లన్నానికి. ఆ రెండిటికీ ముదురు రంగు ఎంత ఒప్పుతుందో సద్దుల బతుకమ్మ నాడు నేను కళ్లారా చూశాను. వడ్డించే గిన్నెలు రెండే కాబట్టి నీ చేత్తోనే కడిగి, వెంటనే పొడిగుడ్డతో తుడిచి పెట్టొచ్చు. సున్నం మరక పడితే లీటరు నీళ్లలో రెండు చెంచాల నిమ్మ ఉప్పు కలిపి పది నిమిషాలు ముంచు, వదులుతుంది. తొందరలేకపోతే ఆ గిన్నెలకు జనవరి దాకా ఆగండి. హైదరాబాద్ నాంపల్లి నుమాయిష్ ఎగ్జిబిషన్‌లో ఉత్తరప్రదేశ్ ఖుర్జా ఊరి పింగాణి దుకాణాలు వస్తాయి, బిడ్డను తీసుకెళ్లి ఆమె చేత్తోనే ఏరించు. నీటి బొట్టు పరీక్ష, గోరు పరీక్ష ఆమెకు నేర్పు. పదో తరగతి పిల్ల, రేపు తన ఇంటికి తనే కొనుక్కోవాలి.

గృహప్రవేశం నాటి వందమంది భోజనాలకు ఈ కంచాలు బయటికి తీయొద్దు. మోదుగాకు విస్తర్లు తెప్పించు, అవే శుభం, అవే అందం.

ఇంకొక్క మాట, దీన్ని చిన్నదిగా తీసుకోకు. కంచాలతో పాటు తోమే ఆమెకు మెత్తటి స్పంజి ఒకటి కొని, స్టీలు పీచు కడాయిలకూ గంజులకూ మాత్రమే అని మెల్లగా చెప్పు. సింకులో ఒక రబ్బరు మ్యాటు వెయ్. గాజు కంచాలను ముందు విడిగా తోమి పెట్టేస్తే, బరువు బోళ్లు వాటి మీద పడవు. ఎప్పుడో ఒకటి పగులుతుంది, నీ చేతిలోనైనా పగులుతుంది. దానికి ఆమె జీతంలోంచి కోయొద్దు. పన్నెండు కొనమన్నది అందుకు కూడా.

ఇప్పుడు వెంటనే పన్నెండూ తేవొద్దు. మొదట ఒక్క కంచం తెచ్చుకో. పది రోజులు ఇంట్లో ఒక్కొక్కరూ ఒక్కో పూట అందులో తినండి. అత్తమ్మను చేత్తో ఎత్తి చూడమను. బోరు నీళ్లతో తోమించి, తుడవకుండా ఎండనిచ్చి చూడు. ట్యూబ్‌లైటు కింద ఒక రాత్రి, కిటికీ వెలుతురులో ఒక మధ్యాహ్నం అన్నం పెట్టి చూడు. చివరి రోజు మామయ్యకు అందులో పచ్చి పులుసు పోసి పెట్టు. బల్ల మీద గుడ్డ తడవకపోతే, మిగతా పదకొండు తెచ్చుకో.